జాగ్రఫీకి ఇన్ని నిర్వచనాలెందుకు? వీటిలో దేన్ని పట్టుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: అశోక్‌నగర్‌లో ఉండి సివిల్స్‌కి చదువుతున్నారు, జాగ్రఫీ ఆప్షనల్. ఒక నోట్స్‌లో జాగ్రఫీ అంటే "భూ ఉపరితల వర్ణన" అని ఉంది. ఇంకోదాంట్లో "మనిషికీ పర్యావరణానికీ ఉన్న సంబంధం" అని, మూడోదాంట్లో "స్థల విశ్లేషణ శాస్త్రం" అని ఉంది. వీటిలో ఏది రైటు? ఇది సైన్సా, ఆర్ట్సా? ఇంట్లో వాళ్లేమో "రాజధానుల పేర్లు బట్టీ కొట్టే సబ్జెక్టు" అంటున్నారు, ఆప్షనల్ మార్చుకోనా?

డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు ఈ సబ్జెక్టే చెప్పాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఓపిగ్గా చదవండి.

"మూడూ రైటే" అని చాలామంది చెప్తారు. అది తప్పించుకునే జవాబు. పరీక్షలో అలా రాస్తే మార్కులు కూడా రావు. జాగ్రఫీలో ఏ నిర్వచనాన్నీ ఎవరూ తీరిగ్గా కూర్చుని తయారుచేయలేదు. ప్రతిదీ ఏదో ఒక తగాదాలో ఒక పక్షం వాళ్లు అన్న మాట. అవతల ఎవరున్నారో, వాళ్లేమన్నారో తెలియకుండా ఈ మాట ఒక్కటే బట్టీ పడితే, ఫోన్‌లో ఒకవైపు మాటలే వింటున్నట్టు ఉంటుంది. మీ నోట్సులన్నీ సరిగ్గా అలాగే తయారయ్యాయి. నిర్వచనం, పేరు, సంవత్సరం ఇచ్చి ఊరుకున్నాయి. ఎవరి మీద అన్నారన్నది ఎగిరిపోయింది.

పాత కాలాన్ని త్వరగా దాటేద్దాం. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయ అధికారి ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. అయనాంతం రోజు మధ్యాహ్నం సైయీన్‌లో, అంటే ఇప్పటి అస్వాన్‌లో, సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అదే వేళకు అలెగ్జాండ్రియాలో నీడ 7.2 డిగ్రీల కోణంలో పడుతుంది. అది వృత్తంలో 50వ వంతు. రెండు ఊళ్ల మధ్య 5,000 స్టేడియాలు అనుకుంటే మొత్తం 2,50,000 స్టేడియాలు. ఆయనకు జాగ్రఫీ అంటే కొలత. తర్వాత వచ్చిన స్ట్రాబో 17 సంపుటాల్లో దేశదేశాల మనుషుల గురించీ, నేల గురించీ, ఆచారాల గురించీ రాశాడు. ఆయనకు జాగ్రఫీ అంటే వర్ణన, అదీ పాలకులకు పనికొచ్చే వర్ణన. మన తెలుగులో స్ట్రాబో తరహా రాత చూడాలంటే 1830–31లో మద్రాసు నుంచి కాశీ వెళ్లొచ్చిన ఏనుగుల వీరాస్వామి యాత్రాచరిత్ర ఉంది. హైదరాబాదు మీదుగానే వెళ్లారు. ఏ మజిలీలో ఏం దొరుకుతుంది, నీళ్లెలా ఉన్నాయి, దారెలాంటిది, ఊళ్లో ఎవరెవరున్నారు, అన్నీ రాసుకున్నారు. జాగ్రఫీ అన్న పేరు పెట్టకపోయినా చేసిన పని మాత్రం అదే.

1650లో వరేనియస్ అనే కుర్రవాడు (28 ఏళ్లకే పోయాడు) ఈ రెంటినీ ఒకే పుస్తకంలో సర్దాలని చూశాడు. భూమి మొత్తానికీ వర్తించే నియమాలు ఒక భాగం, ఒక్కో దేశం గురించి ఇంకో భాగం. ఆ లాటిన్ పుస్తకాన్ని 1672లో కేంబ్రిడ్జ్‌లో మళ్లీ అచ్చు వేయించినవాడు న్యూటన్. నియమాలా, ప్రాంతాలా అన్న ఈ చీలిక గుర్తు పెట్టుకోండి. ముందు ముందు అసలు గొడవంతా దీని చుట్టూనే.

ఆధునిక జాగ్రఫీకి పునాది వేసిన జర్మన్లు హంబోల్ట్, రిట్టర్‌ల దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగను. హంబోల్ట్ 1802లో చింబొరాజో కొండెక్కుతూ ఎంత ఎత్తులో ఏ మొక్కలున్నాయో, గాలి ఒత్తిడి, వేడి ఎలా మారాయో కొలుచుకుంటూ పోయాడు. రిట్టర్ గ్రంథాలయంలో కూర్చుని భూమి అమరికలో దేవుడి ఉద్దేశం వెతికాడు. ఇద్దరూ 1859లోనే పోయారు. అదే ఏడాది జీవపరిణామం మీద డార్విన్ పుస్తకం వచ్చింది. దాంతో తగాదా స్వరూపమే మారిపోయింది.

డార్విన్ తర్వాత జర్మనీలో రాట్జెల్ (1882), అమెరికాలో ఆయన శిష్యురాలు ఎలెన్ సెంపుల్ (1911) మనిషిని నేల తయారుచేస్తుందన్న వాదాన్ని ముందుకు తెచ్చారు. మనిషి భూమి ఉపరితలం నుంచి పుట్టిన సరుకు అన్న అర్థం వచ్చే వాక్యంతోనే సెంపుల్ పుస్తకం మొదలవుతుంది. దీన్నే డిటర్మినిజం అంటున్నాం. చనిపోయిన సిద్ధాంతం కదా అనుకోకండి. మన ఇళ్లల్లో రోజూ వినపడుతూనే ఉంటుంది. "సీమలో కరువు, అందుకే ఫ్యాక్షన్." "గోదావరి వాళ్లకి నీళ్లున్నాయి, అందుకే ఆ మర్యాదలు, ఆ వెటకారం." పెళ్లిచూపుల దగ్గర్నుంచి టీవీ చర్చల దాకా ఇదే డిటర్మినిజం.

దీనికి జవాబు అదే గోదావరి దగ్గర దొరుకుతుంది. 1832–33 నాటి కరువుకి గుంటూరు వైపు పల్లెలకు పల్లెలే ఖాళీ అయ్యాయి. గోదావరి డెల్టా కూడా అప్పట్లో కరువులతో, వలసలతో చిక్కిపోయిన ప్రాంతమే. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852కి పూర్తయింది. నది అదే, నేల అదే, వాన అదే. తర్వాతి పాతికేళ్లలో ఆ ప్రాంతం మారిపోయింది. నేలే అన్నీ నిర్ణయిస్తే ఈ మార్పు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? ఫ్రాన్స్‌లో విదాల్ ద లా బ్లాష్ వాదం ఇదే: ప్రకృతి కొన్ని అవకాశాలు ఇస్తుంది, అందులో ఏది వాడుకోవాలో ఆ సమాజం తేల్చుకుంటుంది. 1922లో చరిత్రకారుడు లూసియన్ ఫెవ్ర్ దీనికి పాసిబిలిజం అని పేరు పెట్టాడు. తెలంగాణ చెరువులు కూడా ఈ కోవలోవే. అడుగున గ్రానైట్, నీళ్లు తేలిగ్గా ఇంకవు. నేల ఎగుడుదిగుడు, వాన నాలుగు నెలలే. వీటిలో ఏదీ "చెరువు తవ్వు" అని చెప్పదు. వదిలేసి పోవచ్చు, పశువులు మేపుకోవచ్చు. రెండు గుట్టల మధ్య కట్ట పోసి నీళ్లు ఆపాలన్న ఆలోచన మనుషులది. రామప్ప, పాకాల చెరువుల నాటికే అది పెద్ద ఎత్తున సాగింది. డిటర్మినిజానికీ పాసిబిలిజానికీ మధ్యలో గ్రిఫిత్ టేలర్ అనే జాగ్రఫర్ ఉంటాడు. దిశ ప్రకృతి చూపిస్తుంది, వేగం మనిషి చేతిలో ఉంటుందంటాడు. పరీక్షకు అడుగుతారు కాబట్టి రాసుకోండి. నాకైతే అది తగాదా తీర్చడం కంటే వాయిదా వేయడంలా అనిపిస్తుంది.

ఈ గొడవ కేవలం పుస్తకాలది అనుకోవద్దు. రాట్జెల్ 1901లో రాసిన "లెబెన్స్‌రౌమ్", అంటే జాతి బతకడానికి కావాల్సిన జాగా అన్న ఆలోచన, హౌస్‌హోఫర్ వంటి వాళ్ల చేతుల మీదుగా నాజీల నినాదమైంది. డిటర్మినిజం పేరెత్తితే జాగ్రఫీ వాళ్లు ఇప్పటికీ ఉలిక్కిపడేది అందుకే.

ఇక మీ మూడో నోట్సు సంగతి. "స్థల విశ్లేషణ" అన్న మాట వెనక ఉన్న తగాదా నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైంది. నోట్సుల్లో అన్నిటికంటే అన్యాయమైపోయింది కూడా అదే.

1939లో రిచర్డ్ హార్ట్‌షోర్న్ అనే అమెరికన్ ఒక లావాటి పుస్తకం రాశాడు. సారాంశం: జాగ్రఫీ పని ప్రాంతాల మధ్య తేడాను పట్టుకోవడం. ఏ రెండు ప్రాంతాలూ ఒకేలా ఉండవు. నేల, వాన, పంట, మనుషులు, చరిత్ర ఒకచోట కలిసినప్పుడు ఆ చోటికి ఒక ప్రత్యేకత వస్తుంది, దాన్ని అర్థం చేసుకోవాలి. ఇందుకు జర్మన్ పండితుడు హెట్నర్‌నీ, ఆయన వెనకున్న తత్వవేత్త కాంట్‌నీ సాక్ష్యం తెచ్చుకున్నాడు. కాంట్ 1756 నుంచి 40 ఏళ్లు కోనిగ్స్‌బర్గ్‌లో భౌతిక భూగోళం పాఠం చెప్పాడు, ఆ ఊరి చుట్టుపక్కలు దాటి ఎక్కడికీ పోకుండానే. ఆయన పంపకం ఇది: ఒకదాని తర్వాత ఒకటి జరిగేవి చరిత్రకు, ఒకదాని పక్కన ఒకటి ఉండేవి జాగ్రఫీకి.

1948లో హార్వర్డ్ తన జాగ్రఫీ విభాగాన్ని మూసేయాలని నిర్ణయించింది. ఇది యూనివర్సిటీ స్థాయి సబ్జెక్టేనా అన్న సందేహం బాహాటంగా వచ్చింది. అమెరికాలో జాగ్రఫీ చెప్పేవాళ్లందరికీ టెన్షన్ పట్టుకుంది. ఆ వాతావరణంలో 1953లో ఒక వ్యాసం వచ్చింది. రాసింది ఫ్రెడ్ షేఫర్, నాజీలను తప్పించుకుని జర్మనీ నుంచి వచ్చి అయోవాలో స్థిరపడ్డ మనిషి. హార్ట్‌షోర్న్ మీద నేరుగా దాడి చేశాడు. "ప్రతి ప్రాంతమూ ప్రత్యేకం అని కూర్చుంటే అది సైన్సు ఎలా అవుతుంది? ఏ శాస్త్రంలోనైనా ప్రతి వస్తువూ ఎంతో కొంత ప్రత్యేకమే. అయినా వాళ్లు నియమాలు వెతుకుతున్నారు. మనం మాత్రం మినహాయింపు అడుక్కుంటున్నాం" అన్నది ఆయన వాదన. వ్యాసం అచ్చయ్యేలోపే గుండెపోటుతో పోయాడు. హార్ట్‌షోర్న్ 1955లో మొదలుపెట్టి వరుసగా జవాబులు రాశాడు, ఒకరకంగా చనిపోయిన మనిషితో వాదించాడు. కానీ కుర్రకారు షేఫర్ వెనక నడిచారు. లెక్కలు, గణాంకాలు, నమూనాలు వచ్చాయి. అదే పరిమాణాత్మక విప్లవం. "స్థల విశ్లేషణ" అన్న నిర్వచనం అక్కడిది.

ఈ కొత్త తరం పాత జర్మన్ పుస్తకాల్లోంచి వెతికి తెచ్చుకున్నది క్రిస్టాలర్ సిద్ధాంతం. 1933లో దక్షిణ జర్మనీ ఊళ్లు చూసి, నేల సమంగా ఉండి జనం సమంగా పరుచుకుంటే సంత ఊళ్లు తేనెపట్టు గళ్లలా ఆరు మూలల ఆకారంలో సర్దుకుంటాయన్నాడు. ఈయన తర్వాత నాజీల కింద పోలండ్‌లో ఊళ్ల ప్లాన్లు గీశాడన్నది నోట్సుల్లో ఉండదు. మన దగ్గర దీన్ని పరీక్షించి చూడొచ్చు. 1985లో తాలూకాలు తీసేసి మండలాలు పెట్టినప్పుడూ, 2016లో తెలంగాణ 10 జిల్లాలను 31 చేసినప్పుడూ (2019లో 33) వేసుకున్న ప్రశ్న క్రిస్టాలర్‌దే: మామూలు మనిషి ఆఫీసు పని చూసుకుని పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలంటే కేంద్రం ఎంత దూరంలో ఉండాలి? మండలాల వరకు లెక్క కొంత కుదురుతుంది. పైకి పోయేకొద్దీ హైదరాబాద్ అడ్డం వస్తుంది. 2011 లెక్కల్లో జీహెచ్‌ఎంసీ జనాభా 67 లక్షల పైచిలుకు, తర్వాతి స్థానంలో ఉన్న వరంగల్ దాదాపు 8 లక్షలు. ఈ ఖాళీని క్రిస్టాలర్ వివరించలేడు. నిజాం రాజధాని ఏది, రైలు ఎటు పోయింది, ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలు ఎక్కడ పెట్టారు, 1998లో సైబర్ టవర్స్ ఎక్కడ తెరిచారు అన్నవి చెప్పాలి. అంటే ఈ ప్రాంతం కథ చెప్పాలి. షేఫర్ మనుషులు బయటికి గెంటిన హార్ట్‌షోర్న్ మళ్లీ కిటికీలోంచి దూరాడన్నమాట.

నేను ఎటువైపో చెప్పాలంటే, పిల్లలను ఫీల్డ్‌కి తీసుకెళ్లినప్పుడు చేయించే పని చెప్పాలి. సర్వే ఆఫ్ ఇండియా 56 కె/7 షీటు తీసుకుంటాం. నగరం నడిబొడ్డు, గోల్కొండ అందులోనే వస్తాయి. స్కేలు 1:50,000, పటం మీద 2 సెంటీమీటర్లు నేల మీద కిలోమీటరు. అంగుళానికి మైలు లెక్కన గీసిన పాత షీటు దొరికితే అదీ పక్కన పెట్టుకుంటాం. ఏదో ఒక చెరువు కట్ట ఎక్కి నిలబడతాం. ఒక పక్క గుర్రపుడెక్క కప్పేసిన నీళ్లు, రెండో పక్క ఇళ్లు. కట్ట మీద నిలబడితే కింది ఇళ్ల మొదటి అంతస్తు బాల్కనీలో ఆరేసిన బట్టలు మన కళ్లకు ఎదురుగా ఉంటాయి. అంటే ఆ ఇళ్ల గ్రౌండ్ ఫ్లోర్ ఎక్కడుందో చూసుకోండి. "అలుగు ఎక్కడ?" అని అడుగుతాను. పటంలో చూపించేస్తారు, నేల మీద వెతకాలి. వెతగ్గా వెతగ్గా ఒక కాంక్రీటు గోడ, దాని మొదట్లో రెండడుగుల పైపు కనపడతాయి. పాత షీటులో అక్కణ్ణుంచి బయల్దేరిన వాగు ఇప్పుడొక వీధి. చుట్టూ వీధులన్నీ చదరంగం గళ్లలా తిన్నగా ఉంటే ఇదొక్కటే వంకరలు తిరుగుతుంది, వాగు తిరిగిన చోటల్లా తిరుగుతూ. ఆ వీధి గోడల మీద నడుమెత్తున మట్టి చార ఉంటుంది. సున్నం వేసినా కింద నుంచి ఎక్కుతూనే ఉంటుంది.

నీళ్లు పల్లానికి పోతాయన్నది నియమం. హైదరాబాద్‌కైనా చెన్నైకైనా ఒకటే. షేఫర్‌కి అంతవరకూ అడ్డు చెప్పను. కానీ ఈ వీధిలోకే ఎందుకు వచ్చాయి, పక్క వీధిలోకి ఎందుకు పోలేదు? ఈ షీటులో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతల్లో గీతకీ గీతకీ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా. ఆ కాలనీ మొత్తం రెండు గీతల మధ్యలో ఇమిడిపోతుంది. పటం చెప్పదు. ఆ అలుగు ఎప్పుడు మూసుకుపోయింది, శిఖం భూమి (చెరువు నీళ్లు నిలిచే నేల) ఎప్పుడు ప్లాట్లయింది, కట్ట మీద రోడ్డు ఎప్పుడు పడింది అని అక్కడి పాత కాపురస్తులను అడగాలి. లేదా 1912–15 మధ్య లియోనార్డ్ మన్ గీయించిన నగర పటాల్లాంటివి తిరగేయాలి. అందుకే నా మొగ్గు హార్ట్‌షోర్న్ వైపు. అయితే కాంట్ దగ్గర ఆయన తెచ్చుకున్న ఆ అప్పు మాత్రం నాకు అక్కర్లేదు. స్థలం మనది, కాలం చరిత్ర వాళ్లది అని పంచుకుంటే చెరువు అర్థం కాదు. ఆ వీధిలో నీళ్లు ఇవాళ వచ్చినా, దారి వేసింది ఎన్నో ఏళ్ల కిందటి వాగు. ఈ పంపకం వల్ల జాగ్రఫీ పాఠ్యపుస్తకాలు చచ్చుబడ్డాయన్నది నా గట్టి అభిప్రాయం. అన్నీ వర్తమాన కాలంలో ఉంటాయి: "ఇక్కడ వరి పండును, అక్కడ బొగ్గు దొరుకును."

మూసీ వరదను తీసుకోండి. 1908 సెప్టెంబరు 28న నగరంలో వేలమంది పోయారు. తర్వాత పరిశీలనకు పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్కలో నగరానికి ఎగువన పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయి, వాటిలో 221 తెగాయి. మనవి గొలుసుకట్టు చెరువులు. పైది తెగితే ఆ నీళ్లు కింది దాని మీద పడతాయి, అదీ తెగుతుంది. మామూలు రోజుల్లో వరదను ఆపే ఏర్పాటే ఆ రాత్రి వరదను పెంచింది. ఇది నియమమా, ప్రత్యేకతా? గొలుసు ఎలా తెగుతుందన్నది నియమం. 788 చెరువుల గొలుసు పైన పెట్టుకుని నది ఒడ్డున నగరం ఉండటం ఈ ఊరి ప్రత్యేకత. విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్ (1920), తర్వాత హిమాయత్‌సాగర్ (1927) అనే జంట జలాశయాలు వచ్చాయి.

అదే నగరంలో 2020 అక్టోబరు 13–14 రాత్రి ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వర్షం పడింది. టోలీచౌకి నదీమ్ కాలనీలో పడవలు తిరిగాయి. కొద్ది రోజులకే గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబా నగర్‌లోకి నీళ్లొచ్చాయి. ఈసారి జంట జలాశయాల గేట్లు ఒక్కటే కాదు కథ. నగరం లోపలి కుంటలూ నాలాలూ అసలు కథ. అమెరికాలో గిల్బర్ట్ వైట్ 1945లోనే రాశాడు: వరదలు దైవికం, వరద నష్టాలు మాత్రం చాలావరకు మనిషి చేసుకున్నవే. ఈయన గురువు షికాగోలో బారోస్. జాగ్రఫీని "మానవ జీవావరణ శాస్త్రం" అన్నది ఆ బారోసే, 1922లో. మీ రెండో నోట్సులో ఉన్న "మనిషి–పర్యావరణం" నిర్వచనాన్ని సెంపుల్ నోటితో చదివితే ఒక అర్థం, బారోస్ నోటితో చదివితే దానికి పూర్తిగా ఎదురు అర్థం. సెంపుల్‌కి పర్యావరణం మనిషిని మలుస్తుంది. బారోస్‌కి మనిషి దానికి ఎలా సర్దుకుంటున్నాడన్నదే చదువు. వాక్యం ఒకటే అయినా తగాదాలు వేరు. నోట్సుల్లో పేర్లు మారిపోతే జవాబు మొత్తం తప్పు దారి పడుతుంది.

ఇక్కడ డేవిడ్ హార్వే అనే బ్రిటిష్ జాగ్రఫర్ వచ్చి అడిగే ప్రశ్న ఒకటుంది. ఆయన 1969లో పరిమాణాత్మక జాగ్రఫీకి పెద్ద తర్కశాస్త్ర గ్రంథం రాసి, అదే ఏడాది బాల్టిమోర్ చేరాడు. అంతకు ముందటేడు అల్లర్లతో కాలిన ఊరది. అక్కడి అద్దె ఇళ్లు, బ్యాంకు అప్పులు చూశాక 1973లో పూర్తిగా మార్క్సు వైపు తిరిగిన పుస్తకం వచ్చింది. హార్వే ప్రశ్న: చెరువు కింద ప్లాటు ఎందుకు చవక, ఎవరు కొన్నారు, ఎవరు అమ్మారు, మునిగినప్పుడు నష్టం ఎవరిది? జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది, 2022లో ఆ ఆంక్షలు సడలించారు. ఆ గీత గీసినప్పుడు ఎవరి భూమి ధర ఆగింది, చెరిపినప్పుడు ఎవరిది పెరిగింది అని అడగకుండా ఆ 84 గ్రామాల పటం గీస్తే, హార్వే లెక్కలో మీరు జాగ్రఫీ చేసినట్టు కాదు. ఆయన జవాబులన్నీ నేను ఒప్పుకోను. నేల వాలు, రాయి, వాన ఆయన రాతల్లో బాగా వెనక్కి పోతాయి. ప్రశ్న మాత్రం తప్పించుకోలేనిది.

ఈ లెక్కలతో విసిగినవాళ్లు ఇంకోవైపు వెళ్లారు. యీ-ఫు తువాన్ 1970ల్లో, ఒక చోటు మనిషికి "తన చోటు" ఎలా అవుతుందో చదవాలన్నాడు. హైదరాబాద్‌లో ఎవరినైనా దారి అడగండి. వీధి పేరు, ఇంటి నంబరు ఎవరూ చెప్పరు. ఎప్పుడో మూతపడ్డ టాకీసు పేరు, ఇరానీ హోటలు, దర్గా, వేపచెట్టు చెప్తారు. ఆ టాకీసులో సినిమా చూడని కుర్రాళ్లు కూడా అదే గుర్తు చెప్తారు. జీపీఎస్‌కి ఇది గందరగోళం, తువాన్‌కి ఇదే సబ్జెక్టు. ఫీల్డ్ రిపోర్టుల్లో ఇలాంటివి రాయడానికి పిల్లలు మొహమాటపడతారు. సైన్సు కాదేమోనని భయం.

ఆ భయం దగ్గరే మీ రెండో ప్రశ్న ఉంది. సైన్సా, ఆర్ట్సా అన్నది చాలావరకు యూనివర్సిటీ బిల్డింగుల పంపకం. బంజారాహిల్స్ గుండ్లు ఒకదాని మీద ఒకటి ఎలా నిలబడ్డాయో చెప్పాలంటే దాదాపు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్, దానిలో పగుళ్లు, నేల లోపలే పగుళ్ల వెంట రాయి కుళ్లి, పైమట్టి కొట్టుకుపోయి గుండ్లు బయటపడటం తెలియాలి. అది నికార్సైన సైన్సు. ఆ గుండ్లు పగలగొట్టి మేడలు ఎందుకు కట్టారో చెప్పాలంటే ఎకనామిక్స్, చరిత్ర కావాలి. ఒకే గుట్ట మీద రెండు ప్రశ్నలూ ఉన్నాయి. బాలానగర్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్లు ఉపగ్రహ చిత్రాలతో చేసే పని, ఉప్పల్‌లో సర్వే శిక్షణ, ఇవన్నీ జాగ్రఫీకి చేతులు. కానీ కంప్యూటర్‌లో పటాలు విశ్లేషించే జీఐఎస్ నేర్చుకుంటే జాగ్రఫీ వచ్చేసినట్టేనని కోర్సుల వాళ్లు అమ్ముతున్నారు చూశారా, అది నమ్మకండి. టోబ్లర్ 1970లో అన్నట్టు అన్నిటికీ అన్నిటితో సంబంధం ఉంటుంది, దగ్గరున్నవాటికి ఎక్కువ. ఆ సంబంధం ఎంతో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. ఎందుకో మీరు చెప్పాలి.

ఇన్ని పక్షాలను పరీక్షలో ఎలా సర్దాలంటారా? 1964లో పాటిసన్ నాలుగు సంప్రదాయాలని ఒక జాబితా ఇచ్చాడు: స్థల సంప్రదాయం, ప్రాంతాల అధ్యయనం, మనిషి–నేల, భూశాస్త్రం. ఉపోద్ఘాతానికి బాగుంటుంది. కానీ అందులో తగాదాలు ఉండవు, నలుగురూ బుద్ధిగా పక్కపక్కన కూర్చుని ఉంటారు. తువాన్, హార్వేల పుస్తకాలు అప్పటికి రాలేదు కాబట్టి వాళ్లకు చోటే లేదు. కాబట్టి దాంతో మొదలుపెట్టండి, దాంతోనే ముగించొద్దు.

రాజధానుల పేర్ల మాటకు ఇంట్లో వాళ్లను తప్పుపట్టకండి. మనందరికీ బడిలో చూపించిన జాగ్రఫీ అదే. పటంలో నదులు గుర్తించు, మార్కులు తెచ్చుకో. మీ ఇంటికి దగ్గర్లో వానకి మునిగే వీధి ఏదైనా ఉంటే, దాని పక్కనే ఉన్న మునగని వీధిని చూపించి "ఎందుకు?" అని నాన్నగారిని అడగండి. రెండు గంటల చర్చ గ్యారంటీ.

ఆప్షనల్ సంగతి: పేపర్–1లో మానవ భూగోళ భాగం "పర్‌స్పెక్టివ్స్"తోనే మొదలవుతుంది. ప్రాంతీయ విభేదం, ద్వంద్వాలు, పర్యావరణవాదం, పరిమాణాత్మక విప్లవం, రాడికల్, బిహేవియరల్, వెల్‌ఫేర్ దృక్పథాలు అన్నీ అక్కడే. మీకు గందరగోళంగా ఉన్నది సరిగ్గా ఆ ముక్కే. సిలబస్‌లో అదొక భాగం మాత్రమే, దాని కోసం ఆప్షనల్ మార్చాల్సిన పని లేదు. భూస్వరూపాలు, వాతావరణం చదువుతుంటే మీకు విసుగొస్తోందా? అలా అయితే మాత్రం ఇప్పుడే మార్చేయండి, ఎందుకంటే 500 మార్కుల్లో పెద్ద వాటా వాటితో ముడిపడే ఉంటుంది. విసుగు రావట్లేదంటే ఈ వారం ఒక పని చేయండి. మీ నోట్సులో ఉన్న ప్రతి నిర్వచనం పక్కనా "ఎవరి మీద?" అని రాసి, ఎదుటి మనిషి పేరు నింపండి. హార్ట్‌షోర్న్ పక్కన షేఫర్, సెంపుల్ పక్కన ఫెవ్ర్, అలాగన్నమాట. ఏ నిర్వచనం పక్కన ఖాళీ మిగిలిందో ఆ పేరు ఇక్కడ పెట్టండి, అది ఎవరి మీద అన్నదో చెప్తాను.